చుక్క లేని మూడు

"సంతకం తర్వాత పెడుదువుగాని, ముందు ఆ ముద్ద మింగు," అంది అత్తగారు. "ఖాళీ కడుపుతో తప్పు ఒప్పుకుంటే ఒకటికి రెండు ఒప్పుకుంటావు."

పెద్దకోడలు ముద్దా మింగలేదు, సంతకమూ పెట్టలేదు. కంచం అవతలికి జరిపి, ఆ జాగాలో కాగితం పెట్టుకుని, కలం మూత తీస్తోంది, పెడుతోంది. పిల్లల వార్డులో పన్నెండేళ్లుగా హెడ్ నర్సు ఆవిడ.

ఆసుపత్రిలో విచారణ నాలుగు గంటలకి. గోడ గడియారం పన్నెండున్నర చూపిస్తోంది.

కాగితంలో ఉన్నవి నాలుగే వాక్యాలు. వార్డు గోడకి అంటించిన మందుల పట్టిక తానే టైపు చేసింది. అందులో ఒక మందు మోతాదు మూడు అని ఉండాల్సింది, సున్నా చుక్క మూడు అని చదివేలా పడింది. దానివల్ల నాలుగేళ్ల పాపకి రెండు రోజుల పాటు పదోవంతు మందే అందింది. ఆ తప్పు పూర్తిగా తనదే.

పాప ఇప్పుడు కోలుకుంటోంది. మూడు రోజులుగా ఆ ఇంట్లో అందరికీ ఊపిరి ఆడుతోందంటే ఆ ఒక్క సంగతి వల్లే.

"సంతకం పెడితే ఏం చేస్తారే?" అడిగింది అత్తగారు.

"హెడ్ నర్సు పని పోతుంది. నర్సు పని ఉంచుతారో లేదో తెలీదు."

"పెట్టకపోతే?"

"అప్పుడు ఎవరి తప్పో నేను చూపించాలి. ఎవరిదని చూపించను అత్తయ్యా? కొట్టింది నేనే కదా."

"పెట్టెయ్ వదినా," అన్నాడు చిన్నకొడుకు, మజ్జిగ గ్లాసు దించుతూ. "నిజాయితీగా ఒప్పుకున్నవాళ్ల మీద ఎవరికైనా జాలే వేస్తుంది. ఓ నెల ఇంట్లో కూర్చోమంటారు, తర్వాత వాళ్లే పిలుస్తారు. నీలాంటి నర్సు వాళ్లకి మళ్లీ దొరుకుతుందా?"

ఇంట్లో అతని పేరు మాటలపుట్ట. మాటలు అమ్ముకునే బతుకుతున్నాడు కాబట్టి ఆ పేరుకి అతనికి కోపం కూడా రాదు.

"నీదేం పోయిందిరా," అంది తల్లి. "దాని మొగుడు లారీ మీద ఏ ఊళ్లో ఉన్నాడో. వాడొచ్చి నా పెళ్లాం పని ఏదమ్మా అంటే నేనేం చెప్పను, జాలి పడ్డార్రా అని చెప్పనా?"

చిన్నకోడలు తల ఎత్తలేదు. కంచంలో వేళ్లు కలుపుతూనే ఉన్నాయి, తినడం మాత్రం ఎప్పుడో ఆగిపోయింది. ఆ పట్టిక టైపు చేసిన కంప్యూటర్ ప్రోగ్రాము రాసింది ఆమే. దాన్ని బ్యాగులో పెట్టుకుని ఆఫీసులూ ఆసుపత్రులూ తిరిగి అమ్ముతున్నది ఆమె మొగుడు, ఈ మాటలపుట్టే.

"నాకు అర్థం కానిది ఒక్కటే," అంది పెద్దకోడలు. "మూడు కొట్టానని నాకు బాగా గుర్తు. సున్నా కొట్టలేదు, చుక్క కొట్టలేదు. మరి ఆ మూడు అటు పక్కకి ఎందుకు పోయింది? స్పేసు మీద చెయ్యి పడిందేమో."

అంటూ తోడికోడలి వైపు చూసింది. చాలాసేపే చూసింది.

"ఏమో అక్కా," అంది చిన్నకోడలు. కంచం తీసుకుని లేచింది.

*

గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసి, ఆసుపత్రి వాళ్ల దగ్గరున్న ప్రోగ్రామునే తన కంప్యూటర్లో తెరిచింది.

తెర పైన స్కేలు బద్దలాంటిది ఉంటుంది. దాని మీద ఎక్కడ నొక్కితే అక్కడ ఒక చిన్న గుర్తు దిగుతుంది. ట్యాబు మీట నొక్కగానే రాత పరుగెత్తుకెళ్లి ఆ గుర్తు దగ్గర ఆగుతుంది. ఒక గుర్తు దగ్గర మాటలు మొదలవుతాయి, ఇంకో గుర్తు దగ్గర ముగుస్తాయి. ఇంకొకటి ఉంది, అదే ఆమెకి ముద్దు. దాని కింద అంకెలు కొడితే ఎన్ని అంకెలున్నా సరే, దశాంశం చుక్కలన్నీ ఒకే గీత మీద నిలబడతాయి. దాని కోసం ఆర్నెల్లు కష్టపడింది. మొదటిసారి చుక్కలు వరసలో నిలబడిన రోజు ఇంట్లో అందరినీ పిలిచి చూపించింది. అత్తగారైతే, "చుక్కలు నిలబెట్టడానికి ఇంత చదువు చదవాలా," అని వెళ్లిపోయింది.

ఇప్పుడు ఒక్కొక్కటే కొట్టింది. రెండు చుక్క అయిదు. సున్నా చుక్క ఏడు అయిదు. పన్నెండు చుక్క అయిదు. మూడు చుక్కలూ గీత గీసినట్టు ఒకదాని కింద ఒకటి ఆగాయి.

నాలుగో వరసలో మూడు కొట్టింది. చుక్క లేకుండా, ఉత్త మూడు.

అది గీత దాటి కుడి పక్కకి వెళ్లి కూర్చుంది. పై వరసలో చుక్క తర్వాతి అయిదు ఎక్కడుందో, సరిగ్గా దాని కిందే.

తెర మీద చూస్తే చుక్కలు కనిపిస్తాయి కాబట్టి మూడంటే మూడేనని తెలుస్తుంది. వార్డు గోడ మీదున్నది ఫోటోకాపీకి ఫోటోకాపీ. దాని మీద చుక్కలు సగం చెరిగిపోయాయి. అక్కడ నర్సులు చుక్కని చూడరు, చోటుని చూస్తారు. గీతకి ఎడమన ఉన్నవి నిండు అంకెలు, కుడిన ఉన్నవి ముక్కలు. కొత్తగా చేరిన నర్సు కుడి పక్కనున్న మూడుని చూసింది, సున్నా చుక్క మూడు ఇచ్చింది. చదవడంలో ఆ పిల్ల తప్పేం లేదు. కొట్టడంలో పెద్దకోడలి తప్పూ లేదు.

ఆ మూడుని చిన్నకోడలు ఇంతకు ముందే చూసింది.

మూడు నెలల క్రితం ఒక సెలవురోజు పొద్దున్న. పెద్దకోడలు భోజనాల బల్ల మీద ఈ పట్టికే టైపు చేసుకుంటూ కేకేసింది. "చెల్లీ, అన్నీ బుద్ధిగా నిలబడ్డాయి గానీ, ఈ మూడు ఒక్కటీ పక్కకి జరిగిందేంటే?" చిన్నకోడలు పొయ్యి దగ్గర నుంచి ఒక్కసారి తొంగి చూసింది. "అదంతే అక్కా. చుక్క లేదు కదా, దాన్ని మాట కింద జమకట్టుకుంటుంది. ఏం కాదు, వదిలెయ్," అంది.

వదిలెయ్ అంది. అక్క వదిలేసింది.

*

సరిచెయ్యడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. చుక్క లేని అంకె వస్తే, దాని చివర కంటికి కనబడని చుక్క ఒకటి ఉందనుకో అని ప్రోగ్రాముకి చెప్పాలి, అంతే. అయిదే వరసల కోడు. మళ్లీ తెరిచేసరికి మూడు ఒక్క గెంతు గెంతి గీతకి ఎడమ పక్కకి వచ్చి, పై వరసలోని పన్నెండులో రెండు అంకె కింద నిలబడింది.

వెనక నుంచి మొగుడు చూస్తూనే ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో ఆమెకి తెలియదు.

"అంటే తప్పు మనదన్నమాట," అన్నాడు మెల్లగా.

"నాది."

పెద్దవాళ్ల ముందు అతన్ని మీరు అంటుంది, గదిలో నువ్వు అంటుంది. పెళ్లయిన నాటి నుంచీ అదే అలవాటు.

"సరే, సరిచేశావుగా. గుట్టుచప్పుడు కాకుండా అందరికీ పంపేద్దాం. కొత్త మార్పుల్లో ఇదొకటి. ఎవరూ అడగరు."

"నీకు అర్థం కాలేదు. ఫైల్లో ఉన్నది ఒక ట్యాబు, ఒక మూడు. అంతే. అది ఎక్కడ నిలబడాలో తెరిచిన ప్రతిసారీ ప్రోగ్రామే తేల్చుకుంటుంది. ఇది ఇప్పుడు ఆసుపత్రికి చేరిందనుకో, వాళ్లు అదే పట్టిక తెరిస్తే మూడు సరిగ్గా కనిపిస్తుంది. గోడ మీద ఒకలా, కంప్యూటర్లో ఒకలా. ఏమనుకుంటారు?"

అతను తెర మీది మూడు కేసి చూశాడు.

"అక్క తప్పు కొట్టి, పిల్ల ప్రాణం మీదికొచ్చాక దొంగచాటుగా దిద్దిందనుకుంటారు. పొరపాటు చేసినదానికి పని పోతుంది. దొంగతనం చేసినదాన్ని ఏ ఆసుపత్రీ గడప తొక్కనివ్వదు."

"వదిన ఎలాగూ ఒప్పుకుంటోందిగా."

"చెయ్యనిది ఒప్పుకుంటోంది."

అతను మంచం అంచున కూర్చున్నాడు. ముఖం వాడిపోయింది. "రెండేళ్లు తిరిగానే నేను. ఎండలో, వానలో. తలుపు తీయని వాళ్ల గుమ్మంలో కూడా నవ్వుతూ నిలబడ్డాను. ఇప్పటికి పదకొండు చోట్ల వాడుతున్నారు. మొన్ననే నీళ్లు పరీక్ష చేసే ల్యాబు వాళ్లు తీసుకున్నారు. ఆసుపత్రిలో పిల్లకి మందు తప్పు పడింది ఈ ప్రోగ్రాము వల్ల అని ఒక్కచోట తెలిస్తే, వారంలో పదకొండు మందీ తీసేస్తారు."

"ల్యాబులో కూడా ఒక మూడు పక్కకి జరిగి ఉంటే?"

ఆమెకి అతని మీద కోపం రాలేదు, జాలేసింది. ఆ తిరుగుడంతా ఆమె రాసిన దాని కోసమే. కానీ ఆ జాలిని పట్టుకుని కూర్చుంటే గడియారం నాలుగు కొట్టేస్తుంది.

బల్ల మీద ఆమె పాత నోటుపుస్తకం తెరిచి ఉంది. అతని చూపు దాని మీద పడింది. అందులో ఏడాదిన్నర కిందటి ఆమె చేతిరాత: 'చుక్క లేనివి ఎలా? మామయ్యగారు చెప్పింది: ట్యాబు కొట్టి, అంకె కొట్టడమే.'

"ఇదిగో! నాన్న చెప్పిందే కదా నువ్వు చేసింది!" అన్నాడు, మునిగేవాడికి గడ్డిపరక దొరికినట్టు.

ఆమె పుస్తకం మూసి చేతిలోకి తీసుకుంది. "విచారణకి నేనూ వెళ్తాను. పాత ప్రోగ్రాము తెరిచి అందరి ముందూ చూపిస్తాను. అది అయ్యేదాకా కొత్తది ఎవరికీ పంపకు. తర్వాత పదకొండు మందికీ నేనే ఉత్తరం రాస్తాను. సరేనా?"

"సరే," అన్నాడు.

మాటలపుట్ట ఒక్క ముక్కతో సరిపెట్టాడంటే అప్పుడే అనుమానం రావాల్సింది. ఆమె ధ్యాస ఇంకో చోట ఉంది, రాలేదు.

*

మామగారు ముందుగదిలో కిటికీ కింద టైపురైటరు ముందు కూర్చుని ఉన్నారు. వాతావరణ కార్యాలయంలో ముప్పై రెండేళ్లు వర్షపాతం పట్టికలు టైపు చేసిన మనిషి. రిటైరయ్యాక కూడా మేడ మీద ఓ డబ్బా పెట్టి వాన కొలుస్తారు, కొలిచింది మధ్యాహ్నం పూట టైపు చేస్తారు. ఆ కాగితాలు ఎవరూ అడగరు. అడగకపోయినా ఒక్కరోజు మానరు.

ట్యాబుల విద్య చిన్నకోడలికి నేర్పింది ఆయనే. పట్టికకి ముందు కాగితం మడిచి వరసలు లెక్కపెట్టుకోవాలనీ, చుక్క పడే చోటే ట్యాబు ఆగే స్టాపు పెట్టుకోవాలనీ, చుక్క పక్కకి పోతే కొట్టిన చెయ్యి విరగ్గొట్టుకోవాలనీ చెప్పారు.

"మామయ్యగారూ, చుక్క లేని అంకె వస్తే మీరేం చేసేవారు?"

"ఎప్పుడో అడిగావుగా అమ్మా. ఏముంది అందులో? ట్యాబు కొట్టి, అంకె కొట్టడమే."

"ఒక్కసారి కొట్టి చూపిస్తారా?"

నిన్నటి వాన సరిగ్గా నాలుగు మిల్లీమీటర్లు. ఆయన కొట్టారు. ట్యాబుకి కాగితం మోసే బండి ఘల్లున జరిగి ఆగింది. తర్వాత టక్. తర్వాత టక్.

చిన్నకోడలు కాగితం కేసి చూసింది. నాలుగు సరిగ్గా గీతకి ఎడమ పక్కన, పై వరసలోని ఆరు కిందే ఉంది.

"ట్యాబు ఒకటి, నాలుగు ఒకటి. మరి మధ్యలో ఇంకో టక్ వినబడిందేంటి?"

"ఎక్కడ? రెండే కొట్టాను."

"మూడు మామయ్యగారూ. ఈసారి నెమ్మదిగా కొట్టండి."

ఆయన నవ్వుతూనే మళ్లీ మొదలుపెట్టారు. ట్యాబు కొట్టారు. కుడిచెయ్యి అంకె మీదికి వెళ్లేలోగా ఎడమచేతి చిటికెన వేలు తనంతట తాను వెళ్లి వెనక్కి జరిపే మీటని ఒక్కసారి నొక్కింది.

ఆయన నవ్వు ఆగిపోయింది. ఆ వేలుని పైకెత్తి, ఎవరి వేలో అన్నట్టు చూసుకున్నారు.

"ఇది వెనక్కి వెళ్తోందే," అన్నారు.

"ముప్పై రెండేళ్లుగా వెళ్తూనే ఉన్నట్టుంది."

"నాకు తెలీదమ్మా. ఒట్టు, నాకు తెలీనే తెలీదు." ఆయన కుర్చీ వెనక్కి జరిపారు. "నువ్వు నేను చెప్పినట్టే చేశావు. అంటే పెద్దకోడలికి వచ్చిన కష్టం నా వల్లేనా? ఉండు, చొక్కా వేసుకుని వస్తాను. నేను చెప్తాను వాళ్లకి. ఈ టైపురైటరు మోసుకెళ్లయినా చూపిస్తాను."

చిన్నకోడలు ఆయన కాళ్ల దగ్గర కూలబడింది. ఒక్క క్షణం మనసు అటూ ఇటూ ఊగిందన్నది నిజం. పెద్దాయన చెప్పింది విన్నాను అంటే ఎవరూ కాదనరు. డెబ్బై ఏళ్ల మనిషిని ఎవరూ ఏమీ చెయ్యరు కూడా.

"లేదు మామయ్యగారూ," అంది చివరికి. "మీకు తెలీనిది మీరు చెప్పలేదు, అంతే. అక్క మాత్రం కంటికి కనిపించింది కనిపించినట్టు నాకు చెప్పింది. వినిపించుకోనిది నేను."

*

మూడు గంటలు కావస్తుండగా పెద్దకోడలు బయటికి వచ్చింది. ఉతికి ఇస్త్రీ చేసిన యూనిఫారం, చేతిలో సంచీ, మడిచిన కాగితం. అత్తగారు వెనకే చెంబుతో నీళ్లు పట్టుకొచ్చింది. చిన్నకొడుకు బండి తాళాలు చేత్తో ఆడిస్తూ గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"నేను దింపుతాను వదినా."

"అక్కా, ఆగు." చిన్నకోడలు కంప్యూటరు సంచీ భుజానికి తగిలించుకుని అడ్డం వచ్చింది. "ఆ కాగితం ఇవ్వకు. తప్పు నీది కాదు. నా ప్రోగ్రాముది. నాది. ఆ మూడు పక్కకి జరిగిందని నువ్వు ఆ రోజే..."

"తెలుసు," అంది పెద్దకోడలు.

ఆవిడ పూర్తిగా తోడికోడలి వైపు తిరిగింది.

"భోజనాల బల్ల దగ్గర అడిగాను. వదిలెయ్ అన్నావు. మొదటి రోజే గుర్తొచ్చింది నాకు."

"మరి ఎందుకు చెప్పలేదు అక్కా? మూడు రోజులు!"

"నువ్వు చెప్తావని చూశాను." ఆవిడ గొంతులో కోపం కూడా లేదు. అది వినడమే చిన్నకోడలికి కష్టమైంది. "రోజూ పక్కపక్కనే కూర్చుని తిన్నాం. ఇవాళ అన్నం దగ్గర కూడా నీ ముఖంలోకి చూస్తూ అడిగాను. ఏమో అన్నావు. ఇంక నేనేం చెప్పను? మా తోడికోడలిదీ తప్పు అని రాయనా కాగితంలో?"

"తప్పే అక్కా. భయమేసింది."

"నాకు వెయ్యలేదా?"

అత్తగారు చెంబు కింద పెట్టింది. "అయితే ఏమిటిప్పుడు? అసలు సంగతి తేలింది కదా. ఇద్దరూ కలిసి వెళ్లండి. చూపించాల్సింది చూపించండి. అక్కాచెల్లెళ్ల తగువు ఇంటికొచ్చాక పడొచ్చు, నేనూ కూర్చుని వింటాను."

పెద్దకోడలు మడత విప్పింది. నాలుగు వాక్యాల కింద ఇంకా ఖాళీగానే ఉంది. సంతకం పెట్టనే లేదు. అది చూసి చిన్నకోడలి కళ్లలో నీళ్లు తిరిగాయి.

అప్పుడే పెద్దకోడలి ఫోను మోగింది. సంచీ చేతిలో ఉండటంతో ఫోను బల్ల మీద పెట్టి, అందరికీ వినబడేలా నొక్కింది. చేసింది ఆసుపత్రి రికార్డుల గుమాస్తా, ఆవిడ స్నేహితురాలే.

"బయల్దేరారా? వినండి, ఇక్కడ సంగతి మారింది," అంది ఆ గొంతు, గుసగుసగా. "విచారణ వాళ్లు ముందే వచ్చి మీ పట్టిక కంప్యూటర్లో తెరిపించారు. మూడు సరిగ్గానే ఉంది. ఉండాల్సిన చోటే ఉంది. గోడ మీది కాగితంలో మాత్రం పక్కకి ఉంది. ఇంటి నుంచి దిద్దేసిందా అని అడుగుతున్నారు. నేను లేదన్నాను. మీరు దిద్దలేదు కదూ?"

"లేదు," అంది పెద్దకోడలు.

"మరి ఎలా మారింది? గంట క్రితం ఆ ప్రోగ్రాముకి ఏదో కొత్త మార్పు వచ్చి చేరిందని తెర మీద పడింది. దానికీ దీనికీ ఏమైనా..."

మిగతాది ఎవరూ వినలేదు. గుమ్మం దగ్గర తాళాల చప్పుడు ఆగిపోయింది.

"ఏరా?" అంది తల్లి.

చిన్నకొడుకు నోరు తెరిచాడు. ఆ నోట్లోంచి మాట రాకపోవడం ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చూడలేదు. మామగారు సగం గుండీలు పెట్టుకున్న చొక్కాతో టైపురైటరు పక్కనే నిలబడిపోయారు.

పెద్దకోడలు ఫోను ఆపి సంచీలో వేసుకుంది. కాగితం మళ్లీ మడిచింది. తోడికోడలి దగ్గరికి వచ్చి నిలబడింది.

"నీ తప్పు నువ్వు చెప్తానన్నావు, బాగుంది. పాతది తెరిచి చూపిస్తావు, అదీ బాగుంది. మరి కొత్తది ఇవాళే, ఈ గంటలోనే ఎవరు పంపారని వాళ్లు నిన్నే అడుగుతారు. అప్పుడు ఏమో అంటావా?"

చిన్నకోడలు మొగుడి కేసి చూసింది. అతను నేల చూస్తున్నాడు. ఆమె దగ్గరికి వెళ్లి చెయ్యి చాపింది.

"తాళాలు ఇటివ్వు. ఎవరు పంపారో కూడా నేనే చెప్తాను," అంది.

పెద్దవాళ్ల ముందు అతన్ని అలా నువ్వు అనడం అదే మొదటిసారి. అత్తగారు వినీ విననట్టు ఊరుకుంది.

అతని పిడికిలి విడలేదు. చాపిన చెయ్యి ఆమె వెనక్కి తీసుకోలేదు.